వార్నిష్ కింద మచ్చ

హలో… ఆ, నేనే. నేనేనండీ అన్నయ్యగారూ, సీతారావమ్మని…

కాస్త గట్టిగా చెప్పండి. ఈ మిల్లు మోతలో ఏం వినపడి చావట్లా…

ఉండండి, ఆపుతున్నారు… హా, ఆగింది. తిరుపతిరావుగారు నా ఫోను కోసం మిల్లే ఆపించారండీ. వడ్లు పట్టించుకోడానికి వచ్చినవాళ్ళంతా నా మొహంకేసే చూస్తున్నారు… చెప్పండి, చెప్పండి. నందిగామ నించి ట్రంకాల్ అనేసరికి పిండిచేతులతోనే పరిగెత్తుకొచ్చా. వదినగారూ పిల్లలూ…?

బావున్నారా. హమ్మయ్య.

రాకెట్టా? ఆయన చేసిన ఆ కర్రబొమ్మా? ఏమైందండీ దానికి?…

సిద్ధమైపోయిందా! ఓస్, ఇంతకేనా? ఈ మాటకి ట్రంకాల్ చేస్తారా ఎవరైనా? బస్సు డ్రైవరు జాన్‌బాషాతో చెప్పి పంపితే సాయంత్రానికి చేరేదిగా కబురు…

ఊఁ… సంతోషం పట్టలేక చేసారన్నమాట. పోన్లెండి. ఆయన స్నేహితులేగా మీరు, ఆయనలాగే ఉంటారు. చేత్తో ఏదన్నా ఒకటి చేస్తే పదిమందికీ చూపించేదాకా ముద్ద మింగుడుపడదు…

ఎక్కడుంది ఇప్పుడు?… హెడ్మాస్టరుగారి బల్ల మీదా? మీ ఎదురుగానే ఉందా? నిలబెట్టారా, పడుకోబెట్టారా?… నిలబెట్టండి. ఆయన ఎప్పుడూ నిలబెట్టే ఉంచేవారు.

కార్డా? ఏం కార్డు?… ఓ, ముందు పెట్టే అట్టముక్కా. అవునవును, రేపు మీ స్కూలు ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్ళకి ఎవరు చేసారో తెలియాలిగా. రాయండి. జగ్గయ్యపేట హైస్కూలు క్రాఫ్టు మాస్టారు అని రాయండి… పేరు మీరే రాసుకోండి, నా చేత చెప్పించకండి, ఇక్కడ ఇంతమంది ఉంటే…

…

కీర్తిశేషులు అని పెట్టాలా?

అందరూ పెడతారు, నిజమే… పెట్టకపోతే తప్పా అన్నయ్యగారూ? ఒట్టి పేరు రాయకూడదా? మొన్న దసరాకి కూడా మనిషి నిక్షేపంలా ఉన్నారు. ఆ మాట చూస్తే ఎవరో ఎప్పుడో పోయిన పెద్దమనిషిలా ఉంటుంది…

రాయరా? ఒట్టి పేరేనా?… మీ మేలు మర్చిపోను.

అత్తయ్యా? ఉంది. పొద్దున లేచిన దగ్గర్నించీ "రాకెట్టు ఎప్పుడొస్తుందే" అని ఒకటే గోల. నేను ఇవ్వనంటుంటే, పదిమందీ చూడాలి ఇవ్వవే అని ఇప్పించిందీ ఆవిడే, ఇప్పుడు బెంగ పెట్టుకుందీ ఆవిడే. కళ్ళు ఆనవుగా, కిటికీ పక్కన కూచుని దాన్ని వళ్ళో పెట్టుకుని తడుముకుంటూ ఉండేది. రేపు సాయంత్రం అవగానే తెచ్చిచ్చేస్తారు కదూ?…

మెరుస్తోందా? అద్దంలాగా?… ఊరుకోండి. వెండిరంగు అద్దంలా ఎలా మెరుస్తుందండీ?

…వార్నిష్ వేసారా?

అయ్యో, మంచిపనే. నేనెందుకు వద్దంటా? వచ్చిన పిల్లలంతా చెయ్యి పెట్టకుండా ఊరుకోరు, రంగు ఊడిపోతుంది. ఆయనా అనేవారుగా, పైన రంగులేని వార్నిష్ పడితేగానీ ఇది పూర్తయినట్టు కాదని. బెజవాడ నించి డబ్బా కూడా తెప్పించి పెట్టుకున్నారు…

అదేనా? మీరు వేసింది ఆ డబ్బాలోదేనా?… నేనిచ్చిన సంచిలోనే ఉందా. చూసుకోలేదండీ నేను. ఆయన కుంచెలూ, రంగు డబ్బాలూ చూస్తుంటే నావల్ల కాక అన్నీ ఎత్తి మీ సంచిలో పడేసా…

రెండు పూతలు… పల్చగా. ఒకటి పూర్తిగా ఎండాకే రెండోది… ఊఁ. దుమ్ము పడుతుందని డ్రాయింగు గదికి తలుపులేసుకుని కూచున్నారా, ఈ ఉక్కలో! పాపం… కాస్త పసుపు తిరిగిందా? పర్లేదండీ. బంగారంలా ఉంటుంది. ఒక మనిషి రాకెట్టులో ఆకాశంలోకెళ్ళి క్షేమంగా దిగాడని పేపర్లో చదివిన రోజే కదా బొమ్మలు చెక్కే పొణికి కర్ర తెచ్చి ముందేసుకున్నారు. ఇన్నాళ్ళకి పూర్తయింది…

అన్నయ్యగారూ, ఒక్క మాట.

కింద మూడు రెక్కలున్నాయి కదా… అందులో ఒకదాని మీద, అంచు దగ్గర, కాస్త నొక్కుకుపోయినట్టుంటుంది. వేలి గుర్తు… ఆ, అదే, అదే. దాని మీంచి కూడా వేసారా వార్నిష్? ఇప్పుడింకా బాగా కనపడుతోందేమో కదా, గాజు కింద పెట్టినట్టు?…

…

ఏంటీ?

మళ్ళీ చెప్పండి. లైను సరిగ్గా లేదు…

తీసేసారా.

…

హలో… ఆ, ఉన్నా. వింటున్నా…

ఉప్పుకాయితంతో రుద్ది… నున్నగా చేసి… మళ్ళీ వెండిరంగు వేసి, అప్పుడు వార్నిష్. ఎక్కడుండేదో మీకే తెలియట్లేదా ఇప్పుడు. అంత బాగా చేసారా…

ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని! ఎవరు చెయ్యమన్నారు? నేను అడిగానా? అత్తయ్య అడిగిందా? నాలుగు రోజులు పెట్టుకుని ఇచ్చేస్తానన్నారు, సరే తీసుకెళ్ళండన్నా. ఉన్నదాన్ని ఉన్నట్టు పెట్టడానికి మీకేం పోయింది? అంతా తెలిసినట్టు…

…

ఏం లేదు తిరుపతిరావుగారూ. ఏం కాలేదండీ, మీరు కూచోండి… కూచోండి…

అన్నయ్యగారూ. అది మచ్చ కాదండీ. అది ఆయన బొటనవేలు.

…

ఆయనదే. ముందురోజు సాయంత్రం పడ్డది. చెప్తా వినండి. ఆఖరి రెక్కకి రంగేసి వరండాలో కూచుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నారు. నేను కాఫీ తీసుకొచ్చా. "సీతా, ఇటు చూడు" అని, పచ్చిరంగు మీదే పట్టుకుని ఎత్తి చూపించారు… అంత పని నేర్పే మాస్టారు! పిల్లలెవరన్నా అలా పట్టుకుంటే బెత్తం తీసేవారు. నాకు నవ్వాగలా. ఆయన వేలు చూసుకుని, రెక్క చూసుకుని, "ఛ, పాడుచేసానే. రేపు పొద్దున్నే ఉప్పుకాయితం వేసి తీసేస్తాలే" అన్నారు…

ఆ పొద్దున్నేగా గుండెల్లో నొప్పి అంటే బెజవాడ బస్సెక్కించాం. మీ ఊరు దాటలేదు. మీకు నేను చెప్పాలా, బస్సులోంచి దింపింది మీరేగా…

ఊఁ… ఊఁ…

నాకూ ముందు తెలీదండీ. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, దాన్ని దుమ్ము తుడుస్తుంటే అత్తయ్య ఇటివ్వమంది. వళ్ళో పెట్టుకుని తడుముతూ తడుముతూ ఆ రెక్క దగ్గర ఆగిపోయింది. "ఇది మా అబ్బాయి వేలు, మా కొండలుది" అంది. ఎలా తెలిసింది అత్తయ్యా అంటే, "ఉలి గాటు తగుల్తోంది చూడవే" అంది… అవును, చిన్నప్పుడు ఉలి దిగిందిగా ఆయనకి, వేలికి అడ్డంగా. ఆ గీత కూడా పడింది రంగులో…

అప్పట్నించీ పగలంతా అది ఆవిడ దగ్గరే. ఆవిడ కునుకు తీసినప్పుడు నేను తీసుకునేదాన్ని. నా బొటనవేలు పెడితే చుట్టూ ఇంకా చోటు మిగిలేది…

ఫోటో ఉందండీ, ఎందుకు లేదు. పెళ్ళైన కొత్తలో తీయించుకున్నది. స్టూడియోవాడు ఇటు తిరగమంటే ఇటు తిరిగి, ఊపిరి బిగబట్టి కూచున్నారు. అందులో ఆయన లేరు. ఇది అలా కాదు. నాకు చూపించాలని పట్టుకుంటే పడ్డది…

ఆఁ? ఎవరు?… మూడు నిమిషాలయ్యాయా? ఎక్స్‌ఛేంజి ఆయన అడుగుతున్నాడు అన్నయ్యగారూ, పెట్టెయ్యాలా… పొడిగించమంటున్నారా. సరే…

హలో. ఏంటండీ ఆ చప్పుడు? మీరు ఏడుస్తున్నారా?…

అయ్యో. అన్నయ్యగారూ… ఊరుకోండి. హెడ్మాస్టరుగారు వస్తారు, బావుండదు. ఊరుకోండి… మిమ్మల్ని తిట్టాలని కాదు. నోరు జారింది. మీరు మాత్రం ఏం చేసారు? నేను చెప్తేగా మీకు తెలిసేది…

చెబ్దామనే అనుకున్నా. ఆ రోజు ఆయన పంచెలో చుట్టి మీ చేతిలో పెడుతుంటే నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది. ఈ వయసులో మొగుడి వేలిముద్రలో వేలెట్టుకుని కూచుంటుందేంటి ఈవిడ అనుకుంటారేమోనని…

ఆ… అవును. వార్నిష్ కింద మచ్చ ఉంటే అది కప్పిపెట్టదు, ఎత్తి చూపిస్తుంది. ఆ మాట ఆయనదే. మీకు నేర్పిందీ ఆయనేగా. ఆయన పేరు పోకూడదనే చేసారు, నాకు తెలుసండీ… నిజం చెప్పాలంటే ఆయనున్నా అదే చేద్దురు. మర్నాడు పొద్దున్నే బరబరా రుద్దేసేవారు, నేను పక్కన కూచుని ఎగతాళి చేసేదాన్ని. ఆయన పోబట్టే కదా అది నాకు మిగిలింది. ఎంత పాపిష్టి మాటో చూడండి, నా నోట్లోంచి వస్తోంది…

వద్దు!

వద్దండీ, దండం పెడతా. మీ వేలు పెట్టకండి. ఇంకా పచ్చిగా ఉంటే ఉండనివ్వండి… మీది మీదే అవుతుంది, ఆయనది ఎందుకవుతుంది? అత్తయ్య ఇట్టే పట్టేస్తుంది. గాటు ఏదే అంటుంది. నేనేం చెప్పను?

…

అన్నయ్యగారూ. దాన్ని ఇంటికి తేవద్దు.

అవును. తేవద్దంటున్నా. మీ స్కూల్లోనే ఉంచేయండి. అద్దాల బీరువా ఉందన్నారుగా, అందులో పెట్టండి… ఆవిడ అడిగితే, స్కూలువాళ్ళు ముచ్చటపడి అట్టే పెట్టేసుకున్నారని చెప్తా. తిడుతుంది. మిమ్మల్నే తిడుతుంది, పడండి. ఎప్పటికైనా ఇస్తారని ఎదురుచూస్తూ కూచుంటుంది, కూచోనీండి. ఆ నున్నటి రెక్క మీద చేత్తో వెతుక్కుంటుంటే మాత్రం నేను చూళ్ళేను…

రేపా? రానండీ. మెరుస్తోందన్నారుగా, చాలు. మీరే నా తరఫున చూసుకోండి…

పంచె పంపించండి. ఆయన పంచె. మర్చిపోకండి.

…అన్నయ్యగారూ, ఉన్నారా? ఆ ఉప్పుకాయితం ఏం చేసారు?

రుద్దిన కాయితమండీ. దాన్ని రుద్దారే, ఆ ముక్క… చెత్తబుట్టలోనా? ఊడ్చేసారా?… తెలీదా. చూసి రండి. మీ డ్రాయింగు గది పక్కనేగా, చూసి రండి ఒక్కసారి. నేను లైనులోనే ఉంటా. పెట్టను…

…

ఒక్క నిమిషం తిరుపతిరావుగారూ. మీ పని చెడగొడుతున్నా, ఏమనుకోకండి…

…

హలో!… దొరికిందా? దానికి వెండిపొడి అంటుకుని ఉందా?… దులపకండి! దులపకండి అన్నయ్యగారూ. అలాగే, పొడి లోపలికి వచ్చేట్టు మడిచి, పంచెలో పెట్టి ముడేసి, జాన్‌బాషా చేతికివ్వండి. జాగ్రత్తగా తెమ్మనండి. ఏంటని అడిగితే ఏం చెప్పకండి…

ఏం చేసుకుంటానా?

ఏమోనండీ. నాక్కావాలి.

ఊఁ… ఉంటా. మీరు మొహం కడుక్కోండి, వదినగారికి ఇవన్నీ… హలో? హలో… అన్నయ్యగారూ…

కట్టయిపోయింది.

ఇదెలా పెట్టాలండీ తిరుపతిరావుగారూ, ఇలాగేనా?… అబ్బే, ఏం లేదండీ. మా రాకెట్టుకి వార్నిష్ వేసారట. చాలా బాగా వచ్చిందట, అద్దంలా మెరుస్తోందట… ఇంక మీరు మిల్లు వేసుకోండి.