చిటికెన గోరంత బటన్

పేపరు మిల్లుకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన ఆఫీసు. మిల్లు ఆపరేటర్ తలుపు గడియపెట్టి రెంచీ పట్టుకున్నాడు. ఎదురుగా కంప్యూటర్ ముందు, మిల్లు మెషిన్ని నడిపే తెర తయారుచేసిన ఇంజనీరు.

"...కొట్టకండి, చెప్తాను! దవడ కదిలిపోయింది—"

"దవడేగా? మా తమ్ముడికి భుజం నుంచి చెయ్యే లేదు. రోలర్ల మధ్య నలిగి ఊడిపోయింది. తెరువు నీ సాఫ్ట్‌వేర్."

"తెరిచాను. ఉత్తుత్తి రోలర్లు తిరుగుతున్నాయి. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మెషిన్ ఆపు. నేను మూడు లెక్కపెట్టేలోగా. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టు. పెట్టరా! ఒకటి—"

"ఉండండి, చెయ్యి వణుకుతోంది—"

"లోపల మనిషి అరుస్తుంటే ఎవడికి వణకదు? రెండు—"

"నొక్కాను!"

"ఏది నొక్కావో చూడు."

"...వేగం. పక్కనున్న, వేగం పెంచే బటన్ పడింది."

"మూడు."

"అమ్మా! వేళ్లు... నా వేళ్లు!"

"మళ్లీ ఆపు. ఒకటి, రెండు—"

"పడట్లేదు! చిన్నది, మౌస్ బాణం దాని మీద నిలవట్లేదు... బయట తలుపు బాదుతున్నారు, వదిలెయ్యండి—"

"బాదనీ. చిటికెన గోరంత బటన్ పెట్టావు. దాన్నానుకునే వేగం పెట్టావు. పెద్దది చెయ్యమని మావాళ్లు రాయలేదూ?"

"రాశారు. రెండుసార్లు."

"ఏమన్నావు?"

"తెర అందం చెడుతుందన్నాను."

"నీ అందం తగలెయ్య!"

"అయ్యో, స్క్రీన్... కంట్లో గాజు పడింది! వినండి, బొమ్మని పెంచక్కర్లేదు కూడా. దాని చుట్టూ నొక్కితే పనిచేసే జాగా పెంచితే చాలు. వేగాన్ని ఇంకో మూలకి జరిపితే చాలు. పూట పని. పక్క కంప్యూటర్లో ఇప్పుడే చేస్తాను, ఒంటిచేత్తో చేస్తాను—"

"పూట పనా?"

"పూట పని. చెయ్యలేదు. తప్పు నాదే. పోలీసులకీ అదే చెప్తాను. మీ తమ్ముడి కాళ్లు పట్టుకుంటాను. చంపకండి."

"నువ్వు చేసిన బటన్ నువ్వే నొక్కలేకపోయావు. అవునా?"

"అవును."

"ఎవరూ నొక్కలేరు. అను."

"ఎవరూ నొక్కలేరు... అన్నా, ఏడుస్తున్నారేంటి? ఆ రెంచీ కింద పెట్టండి. ఆ రోజు... ఆ రోజు కంట్రోల్ రూములో ఎవరున్నారు?"

"వాడు 'ఆపన్నా, ఆపన్నా' అంటుంటే... వేగం నొక్కింది నేనే."