నీలం అంచు మడి

అదిగో, మళ్ళీ చల్లారబెట్టేశారు! వంటమనిషి రెండోసారి వేడిచేసి పంపింది ఈ కాఫీ. "మీరే ఇవ్వండమ్మగారూ, నేనిస్తే అయ్యగారు కప్పు వంకైనా చూడరు" అంది. నేనిస్తే మాత్రం చూస్తున్నారా ఏమిటి?

కాస్త జరగండి బాబూ, నేనూ కూర్చుంటాను. అబ్బ, బల్లంతా తడే. మూడు వారాలుగా పొద్దున్నే వచ్చి ఈ తడి మీదే కూర్చుంటున్నారు, నడుమేం కావాలి చెప్పండి?

పై గదిలో దిగినావిడ ఇందాక నా మీదికి వచ్చింది. తెల్లారకుండానే ఎవరో దబదబా తలుపు కొడుతున్నారట. తలుపు కాదండీ, వడ్రంగిపిట్ట, గూటికోసం తొర్ర చేసుకుంటోంది అన్నాను. "అయితే దానికి కాస్త చెప్పండి" అంటుంది! ఏమని చెప్పను? ఎనిమిదింటి తర్వాత రమ్మనా?

అమ్మాయే ఉంటేనా, పకపకా నవ్వి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చి, ఆ పిట్ట చెట్టు మొదట్లో రాల్చిన చెక్కపొట్టు చూపించేది. ఆవిడ ఇంకో రెండు రోజులు ఉండిపోయేది. నేనేం చేశాను? గది మార్పించాను. అదీ నా తెలివి.

మీరు నవ్వుతారనుకున్నాను. పోనీలెండి.

చూడండి, ఈ ఏడు వసంతం ఎలా వచ్చిందో. వాగు పక్క పొదలు ముందు ఎర్రబారాయి. తర్వాత కప్పలు మొదలెట్టాయి. ఆ తర్వాత మన వెనక గోడ మీద లత చిగురేసింది. ఏటా ఇదే వరస, తప్పదు. అమ్మాయి చెప్పేది కదా, "అడవి హాజరు పట్టీ ప్రకారం వస్తుందే అమ్మా, నీ క్లాసులాగే" అని. అన్నీ హాజరు పలికాయి. ఈ ఒక్క మడి తప్ప.

రోజుకి ఒక్క మాటే మీరు మాట్లాడేది. "ఇంకా మొలవలేదేం అత్తయ్యా?" నేను రోజూ ఏదో ఒకటి చెప్తాను. నేల ఇంకా చల్లగా ఉంది బాబూ అంటాను. కొన్ని గింజలు మొండివి బాబూ అంటాను. పాఠం చెప్పినట్టే చెప్తాను. ముప్పై నాలుగేళ్ళు చెప్పిన గొంతు, అబద్ధమైనా తడబడదు.

ఆ... అబద్ధమనే అన్నాను. ఉండండి. వస్తున్నాను అక్కడికే.

మొన్న మీ అన్నగారు వచ్చి, "ఇంకా ఎవరికోసంరా ఈ లాడ్జీ, వదిలేసి మాతో వచ్చెయ్" అంటే ఏమన్నారు మీరు? "అది వేసిన పూలు పూస్తే ఇక్కడే ఉంటాను, పూయకపోతే వస్తాను" అన్నారు. నేను వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను, విన్నాను. చేతిలో పళ్ళెం తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తూ ఎంతసేపున్నానో.

ఆ పువ్వు సంగతి నాకు తెలియనిదా? ఈ లాడ్జీ తీసుకున్న మొదటి ఏడు, వాగు అవతల మీరిద్దరూ చూశారు. ఒక్కటే మొక్క. మళ్ళీ ఎక్కడా కనబడలేదు. దాని గింజలు ఏరి, అగ్గిపెట్టెలో దాచి, కిందటి ఆకురాలు కాలంలో ఈ మడిలో వేసింది. అన్నీ వేసేసింది, ఒక్కటీ మిగల్చుకోలేదు. "చలి తగిలితేనే లేస్తాయమ్మా ఇవి, చలే వీటికి అలారం" అంది. వేసి రెండు నెలలు కాలేదు, జ్వరమన్నది, ఊపిరితిత్తులన్నారు, పదకొండు రోజులు...

సరే. ఆ లెక్క మీకు నేను చెప్పాలా.

తోటలో పేర్లు రాసిన పుల్లలు గుచ్చడం దానికి గిట్టదు. పేరు చదివి ముందుకెళ్ళిపోతారు, మొక్కని చూడరు అనేది. అందుకని వంటింట్లో పగిలిన సాసర్ల ముక్కలు పాతేది. ఆకుపచ్చ అంచు పుదీనా, పసుపు అంచు బంతి, నీలం అంచు ఇది. మీకు తెలుసు, వంటమనిషికి తెలుసు. నాకూ చెప్పింది. నేనే సరిగ్గా వినలేదు. పెంకులతో గుర్తులేమిటే, శుభ్రంగా రాసి పెట్టక అని విసుక్కున్నాను.

మీరు పైకప్పు పెంకులకి పట్నం వెళ్ళారు చూడండి, నాలుగు రోజులు? మొదటి అతిథులు దిగింది అప్పుడే. వాళ్ళ పిల్లలు చెప్పుల్లేకుండా తోటంతా పరుగులు. ఎక్కడ కాళ్ళు కోసుకుంటారోనని సాసరు ముక్కలన్నీ ఏరి బకెట్లో వేశాను. మర్నాడు కలుపు తీద్దామని ఈ పక్కకొచ్చాను.

మొలకలున్నాయి బాబూ.

ఉన్నాయి. నిండా ఉన్నాయి. మీరు చూడలేదు, నేను చూశాను. గోరంత, రెండేసి ఆకులతో. మూడో తరగతి పిల్లలకి చెప్పేదాన్ని, మొదట వచ్చే ఆ రెండూ అసలు ఆకులు కావర్రా, పసితనంలో చాలా మొక్కలకి ఒకే ముఖం ఉంటుంది, కాబట్టి తొందరపడి పీకకూడదు అని. చెప్పిన నేనే కూర్చుని పీకాను. కలుపనుకున్నాను.

తెలియక చేశాను అని ఇక్కడితో ఆపేద్దామనే వచ్చాను. రాత్రంతా అలాగే అనుకున్నాను కూడా. మీరు అలా చూడకపోతే ఆపేసేదాన్నేమో.

నాలుగో గుప్పెట దగ్గర తెలిసిపోయింది నాకు. అవి వరసలో ఉన్నాయి. కలుపు ఎక్కడైనా వరసలో మొలుస్తుందా? గీత గీసినట్టు, బెత్తెడు బెత్తెడు ఎడంగా. ఇల్లంతా చిందరవందర చేసే పిల్ల, అన్నం కూడా నడుస్తూ తినే పిల్ల, ఈ గింజలు మాత్రం నేను నేర్పినట్టు వేసింది. స్కేలు పెట్టి.

చెయ్యి ఆగాలి కదా? ఆగలేదు బాబూ.

అప్పటికింకా సగం పైన మిగిలే ఉన్నాయి. ఎంత పచ్చగా ఉన్నాయో! ఏ చలి నా బిడ్డని తీసుకుపోయిందో, ఆ చలే తాగి, హాయిగా, ఏమీ జరగనట్టు లేచి నిలబడ్డాయి. దాన్ని పడుకోబెట్టి వీటిని లేపిందా? నాకు ఒళ్ళు తెలియలేదు. కాదు, తెలిసింది. మళ్ళీ అబద్ధం. అన్నీ తెలిసే, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా, ఒక్కటి మిగల్చకుండా తీసేశాను. వేళ్ళకి అంటిన మట్టి కడుక్కున్నాను. అతిథులకి టీ ఇచ్చాను.

సాయంత్రం పరిగెత్తాను చెత్తకుప్ప దగ్గరికి. వాడిపోయి పోగుగా ఉన్నాయి. ఓ నాలుగు తెచ్చి నాటాను, నీళ్ళు పోశాను. తెల్లారేసరికి పడిపోయాయి.

మర్నాడు మీరొచ్చారు. సామాను కూడా దించకుండా ఇక్కడికే వచ్చి, "ఇంకా రాలేదా అత్తయ్యా" అన్నారు. ఊఁ అన్నాను. ఒక్క ఊఁ. అక్కణ్ణుంచి రోజుకో అబద్ధం.

మీరు ఉండిపోవాలని నాకు లేదనుకున్నారా? మీరు వెళ్ళిపోతే దాని పేరు ఎత్తడానికి నాకెవరున్నారు బాబూ? అయినా చెప్తున్నాను. ఇక్కడ ఏమీ రాదు. ఈ ఏడే కాదు, ఎప్పటికీ రాదు.

తిట్టండి. అత్తగారని చూడకండి. ఒక్క మాట అనండి.

లేచారేం? అటు కాదు, ఇంటి తలుపు ఇటు... సరే, వెళ్ళండి. అన్నగారికి ఫోను చేస్తారో, అడవిలోకి పోతారో, మీ ఇష్టం. నేను రాను వెనక.

కాసేపు ఇక్కడే ఉంటాను. ఇన్నాళ్ళూ మీరు వస్తాయని కూర్చున్నారు. రావని తెలిసి కూర్చోవడం ఎలా ఉంటుందో నేనూ చూడాలిగా.