దొరసాని రెట్ట, బంగారి రెట్ట

పెరట్లో కోళ్ళగూటి ముందు మొగుడూ పెళ్ళామూ వంగి నేలను చూస్తున్నారు. కత్తి పెళ్ళాం చేతిలో ఉంది.

"ఇంకా ఎంతసేపు చూస్తారు? అది రెట్టండీ, పెళ్ళికూతురు కాదు."

"చూడనీవే. తొందరపడితే ఎలా?"

"ఎర్రగా ఉందా, లేదా?"

"ఉందనుకో. కాస్త..."

"కాస్తా? ఎర్రసిరా బుడ్డి ఒలికినట్టుంటేనూ. రెట్టలో నెత్తురు పడిందంటే పేగుల్లో రోగమని, ఒకదానికొస్తే గూడంతా తుడిచిపెట్టుకు పోతుందని ఆ పశువుల డాక్టరు మొన్న చెప్పింది మీకేగా? తప్పుకోండి. మీ దొరసానిని కోసేస్తే మిగతావన్నా బతుకుతాయి."

"నా చేత్తో పెంచిన కోడే అది."

"నన్నూ మా అమ్మ చేత్తోనే పెంచింది. మీకిచ్చేటప్పుడు ఆలోచించిందా?"

"అది కాదే. చూడు, ఎంత చలాకీగా తిరుగుతోందో. జబ్బుకోడైతే రెక్కలు వాల్చేసి ఓ మూల కూర్చుంటుంది."

"మీరు ఏళ్ళ తరబడి మూలనే కూర్చున్నారు. కోశానా?"

"ముందు నువ్వు కూర్చో. రొప్పుతున్నావు. రక్తం పట్టడానికి ఐరన్ మాత్రలు మింగుతున్నావుగా, ఇంకా ఈ ఆయాసమేంటి?"

"ఇప్పుడు నా సంగతెందుకు? కాళ్ళు పట్టుకోండి."

"ఎవరివి?"

"దానివి. నావి తర్వాత పట్టుకుందురుగాని."

"ఆగాగు. అదిగో, నీ చుక్కలకోడి, నీ బంగారి. దాని రెట్ట చూశావా? తారులా నల్లగా ఉంది."

"మట్టి తినుంటుంది."

"మట్టి తింటే..."

"మట్టేనన్నానుగా. దాని ఊసెందుకు మధ్యలో? దొరసాని సంగతి తేల్చండి. కోసేదా?"

"వద్దు."

"ఎందుకొద్దు?"

"అది... అది నెత్తురు కాదు."

"మరి?"

"బీట్‌రూట్."

"ఏ బీట్‌రూట్?"

"నా బీపీ తగ్గాలని పొద్దున్నే తురిమిస్తావే, ఆ బీట్‌రూట్. నువ్వు అటు తిరగ్గానే కిటికీలోంచి దానికేస్తున్నా."

"ఓహో. గిన్నె కడిగినట్టు ఖాళీ అవుతుంటే, మా ఆయనకి బుద్ధొచ్చిందని వీధంతా చెప్పుకుని మురిశాను. వేళ్ళు ఎర్రబడేలా తురిమిందంతా కోడి బీపీకన్నమాట. పాపం, దానికిప్పుడు ఎంతుందో?"

"తప్పేనే. రేపట్నుంచి తింటా. ఒట్టు."

"ఆ ఒట్టు కూడా కోడికే వేయండి, అరిగించుకుంటుంది."

"సరే, కత్తి ఇలా ఇవ్వు."

"ఇదిగో. దేనికి?"

"బంగారిని కోద్దామని."

"ఏంటీ?"

"ఎరుపు కన్నా నలుపు చెడ్డదట. నెత్తురు లోపలెక్కడో పోతూ, బయటికొచ్చేసరికి నల్లబడుతుందట. అదీ ఆ డాక్టరు మాటే. దొరసాని మీద ఎత్తిన కత్తి బంగారి మీదా ఎత్తాలిగా? న్యాయం న్యాయమే."

"దాని జోలికెళ్ళకండి."

"నాకూ బాధే. ఊఁ, కాళ్ళు పట్టుకో."

"వదలండి దాన్ని. దానికే జబ్బూ లేదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"తెలుసంటే? లోపల రక్తం పోతున్న కోడిని పట్టుకుని..."

"పోవట్లేదండీ, పడుతోంది. డాక్టరమ్మ నాకు రాసిన మాత్రలు రోజూ ముద్దలో పెట్టి దానికే వేస్తున్నాను."