సుద్దముక్క స్టామెన్

సంతకమా? నాదా, నీ ఫిర్యాదు మీద సాక్షిగా? ముందలా కూర్చో నెవెనా, ఆ పీట ఇటు లాక్కో. పొయ్యికి మరీ దగ్గరగా వద్దు, రవ్వలెగురుతున్నాయి. ఇదిగో, ఈ కాల్చిన మిరపకాయ తొక్క ఒలువు, వేడిగా ఉన్నప్పుడే ఊడొస్తుంది. చూశానమ్మా, కాదన్నానా? నిన్న పొద్దున్న కిటికీలో కూర్చుని కాఫీ తాగుతుంటే నీ కారు గేటు పక్కనే ఉంది. బంపరు చక్కగానే ఉంది. పదిన్నరకి సాలీడు, అదే, అడ్డంగా పెట్టిన కార్లని ఎత్తుకుపోయే బండి, వచ్చి ఎత్తుకుపోయింది, సాయంత్రం నువ్వు తెచ్చుకునేసరికి పళ్లూడిన నోరులా వేలాడుతోంది. అంతా చూశాను. ఏదీ ఆ ఫారం? మూడో గడి చదువు. కళ్లద్దాలు లోపలున్నాయిలే, నాకు కంఠతా వచ్చు. "ఎత్తక ముందే ఉన్న దెబ్బలు." ఏం రాశారు? "ముందు బంపరు పగిలి ఉంది, అన్ని వైపులా గీతలు." హహ్! ముప్ఫయ్యేళ్లు దాటింది, అక్షరం మార్చలేదు వెధవలు. అది నీ కారుని చూసి రాసింది కాదమ్మా. పొద్దున్నే ఆఫీసులో కాఫీలు తాగుతూ యాభై ఫారాల మీద అదే ముక్క రాసేసుకుని, సాక్షి సంతకాలు కూడా పెట్టేసుకుని బయల్దేరతారు. నాకెలా తెలుసా? నేను రాసినవాణ్ణి కనక. పన్నెండేళ్లు సాలీడు మీద పనిచేశాను. నీకు తెలీదా? మీ అమ్మకి తెలుసు.

అదే ఫారం మీద నిజం రాసినవాణ్ణి నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. స్టామెన్. పోయి చాలా కాలమైంది, నువ్వప్పటికి ఇంకా పుట్టలేదనుకుంటా. బండి ఆయన నడిపేవాడు, వెనక కొక్కేలూ గొలుసులూ నావి. మనిషి ఇంత పొడుగు, కానీ ఎప్పుడూ వంగే ఉండేవాడు, ఎదుటివాళ్ల మాట సరిగ్గా వినాలన్నట్టు. భార్య బట్టలు కుట్టేది. ఆవిడ పోయాక ఆవిడ డబ్బాలోంచి గుడ్డ మీద గీసే సుద్దముక్కలు తీసి జేబులో వేసుకు తిరిగేవాడు. ఎందుకో తెలుసా? కారు ఎత్తబోయే ముందు దాని చుట్టూ ఒక్కసారి నడిచేవాడు. నెమ్మదిగా, పడుకున్న మనిషి చుట్టూ నడిచినట్టు. ఎక్కడ గీత కనిపించినా, సొట్ట కనిపించినా, దాని చుట్టూ సుద్దతో సున్నా చుట్టేవాడు. కారు యజమాని వచ్చాక చెప్పేవాడు: "సున్నా లోపలున్నది మీదండి. బయట ఏమున్నా మాది. మేమే బాధ్యులం." అంతే, ఆ రెండు ముక్కలే. మా వాళ్లు నవ్వి చచ్చేవాళ్లు. "పెళ్లిచూపులకొచ్చాడ్రోయ్, పిల్లకి పుట్టుమచ్చలెన్నో లెక్కపెడుతున్నాడు!" అని. నేనూ నవ్వాను. సుద్దముక్క అనే పేరు పెట్టింది కూడా నేనే, ఎవరికీ చెప్పకు. ఆ నీలం సుద్దపొడి ఎప్పుడూ ఆయన వేళ్లకి ఉండేది. నదివైపు నించి మంచు కమ్మిన పొద్దుల్లో, అందరం మసకమసగ్గా ఉంటే, ఆ వేళ్లు మాత్రం కనిపించేవి.

మా బోంచెవ్ సారుకి ఒళ్లు మండేది. ఆయన మా పెద్ద. "స్టామెన్, నువ్వు ఎవరి జీతం తింటున్నావయ్యా? కార్ల యజమానులదా, మనదా?" అనేవాడు. ఈయన తల గోక్కుని, "గీత గీతేగా సారూ" అనేవాడు. అదేం జవాబు? గీత గీతేగా!

ఒలుస్తున్నావా లేదా? గింజలు ఆ గిన్నెలో పడెయ్. ఆఁ, అలాగ.

అక్టోబరు నెల. నదికి దిగే ఏటవాలు వీధి ఉంది చూడు, పాత కస్టమ్స్ ఇల్లు పక్కది, అక్కడ ఓ గేటుకి అడ్డంగా తెల్ల కారు. మన ఊళ్లో కాన్పుల నర్సు ఉండేది, గెనోవేవా. ఆవిడ కారది. పై అంతస్తులో బాలింతని చూడ్డానికి వెళ్లింది, మనం అడ్డమొచ్చామా అని చూసుకునే తీరిక ఆవిడకేది? చుట్టూ పన్నెండు ఊళ్లకి ఆవిడొక్కతే. ఆ డొక్కు కారేసుకుని బురదలో, మంచులో తిరిగేది. అది వెనక చక్రాలతో నడిచే బండి. ఏటవాలు కదా, పాపం జాగ్రత్తపరురాలు, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ కూడా లాగి వెళ్లింది. మా సాలీడు ఏ బండినైనా ముందు వైపే ఎత్తుతుంది, వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి. అలాంటి కారుని అలా ఈడిస్తే చస్తుంది. అందుకని వెనక చక్రాల కింద చిన్న చక్రాల బల్లలు పెట్టాలి, రెండు వైపులా, గొలుసు బిగించాలి. పది నిమిషాల పని. బరువు, మోకాళ్ల మీద వంగాలి, ఒళ్లంతా బురద.

స్టామెన్ సుద్దతో రెండు సున్నాలు చుట్టాడు, తలుపు మీదొకటి, వెనకొకటి. చుట్టి, "దోంచో, బల్లలు పెట్టు, నేను పైకెళ్లి ఎవరిదో కనుక్కుని వస్తా" అన్నాడు. ఎప్పుడూ అంతే, ఎత్తే ముందు మెట్లెక్కి తలుపులు కొట్టేవాడు. ఆ రోజు మూడు తలుపులు కొట్టాడట, ఎవరూ తియ్యలేదు. బాలింత ఇల్లు నాలుగోది. నేను కిందున్నాను. టైమెంతనుకున్నావ్? పన్నెండుకి పావు తక్కువ. స్టేషన్ దగ్గర బోటి చారు కొట్టు ఉండేది, వెల్లుల్లీ వెనిగరూ వేసి, కారం చల్లి ఇచ్చేవాడు. పన్నెండు దాటితే గిన్నె అడుగు గోకడమే. నవ్వకు. ఒక మనిషి జీవితం దేని మీద తిరుగుతుందో చెబుతున్నా, నవ్వకు. స్టామెన్ కిందికొచ్చి బండి ఎక్కుతూ, "పెట్టావా?" అన్నాడు. "పెట్టా పెట్టా, పద" అన్నాను. అంతే. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నా మాట నమ్మాడు.

మలుపు దాకా కూడా వెళ్లలేదు, కారు అరిచింది. పందిని కోస్తున్నప్పుడు అరుస్తుందే, అలాగ. రబ్బరు మాడిన వాసన. బ్రేకు తీగ పుటుక్కుమంది, ఆ వెంటనే గేరులో ఉన్న చక్రాలు తిరిగాయి, లోపల పళ్లన్నీ పటపటా విరిగిన చప్పుడు నా పళ్లలో వినిపించింది. స్టామెన్ దిగాడు. వంగి వెనక చక్రాల కిందకి చూశాడు. బల్లలు మా బండి పక్కనే గొలుసుకి వేలాడుతున్నాయి, పొడిగా, శుభ్రంగా. వాటిని చూశాడు. తర్వాత నన్ను. తిట్టి ఉంటే బాగుండేది తల్లీ. ఒక లెంపకాయ కొట్టినా బాగుండేది. ఫారం తీసి, బానెట్ మీద పెట్టుకుని రాశాడు: "ఎత్తక ముందు: రెండు గీతలు. మేము ఈడుస్తుండగా గేర్‌బాక్స్ విరిగింది. వెనక చక్రాలు ఎత్తలేదు. సరిచూసుకోనిది నేను. స్టామెన్." నా పేరు లేదు. ఎక్కడా లేదు.

అది చదివేసరికి బోంచెవ్ మొహం బీట్‌రూట్ అయిపోయింది. "పిచ్చా నీకు? మనమే విరగ్గొట్టామని మన కాగితం మీద మనమే రాసుకుంటామా?" అని ఓ తడిగుడ్డ తెప్పించి, తలుపు మీదున్న సుద్ద సున్నాని ఆయనే తుడిచాడు, స్వయంగా, గుండ్రంగా. పొద్దున్న కట్టలోంచి ఇంకో ఫారం లాగి, "గేర్‌బాక్స్ ముందే పని చేయడం లేదు" అని చేర్చి, నా ముందుకి తోశాడు. "దోంచో, నువ్వు దగ్గరున్నావుగా. సాక్షివి." నా చేతుల నిండా గ్రీజు. "చేతులు జిడ్డుగా ఉన్నాయి సారూ" అన్నాను. "ఫరవాలేదు, పెట్టు" అన్నాడు. పెట్టాను. గ్రీజు చేత్తోనే పెట్టాను. నా బొటనవేలి ముద్ర కూడా పడింది దాని మీద, నల్లగా, ఇంత.

విచారణ జరిగిందిలే, పేరుకి. పొడుగాటి బల్ల, నీళ్ల కూజా. గెనోవేవా తన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మందుల సంచీ, అక్కణ్ణించి ఎక్కడికో కాన్పుకి వెళ్లాలి కాబోలు, బస్సు టైమవుతున్నట్టు గడియారం వంక చూస్తోంది. నన్నడిగారు: బండి ముందే పాడైందా? "అవునండీ." గట్టిగానే చెప్పాను. స్టామెన్ నా ఎదురుగానే ఉన్నాడు. ఒక్క మాట చాలు ఆయనకి. "బల్లలు పెట్టానని వీడే చెప్పాడు" అంటే అయిపోయేది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడకి ఏమీ ఇవ్వక్కర్లేదన్నారు. ఆయన్ని తప్పుడు కాగితం రాశాడని పనిలోంచి తీసేశారు. తప్పుడు కాగితం! డ్రైవరు సీటు నాకొచ్చింది. దాని మీద ఆయన పరుచుకున్న గొర్రెతోలు అలాగే ఉంది. చలికాలం కదా, దాని మీదే కూర్చున్నాను.

ఆ చలికాలమంతా ఆయన ఎక్కడున్నాడో తెలుసా? గెనోవేవా పెరట్లో, ఆ కారు కింద. పాత ఇనుపసామాన్ల దిబ్బల్లో పళ్లచక్రాలు ఏరుకొచ్చి, ఒక్కోటీ కిరసనాయిల్లో కడిగి, బిగించేవాడు. ఆవిడ ఆ ఐదు నెలలూ ఊళ్లకి బస్సుల్లో, ట్రాక్టర్లలో, ఒకోసారి నడిచి వెళ్లిందట. ఫిబ్రవరిలో ఒక ఊరికి సమయానికి అందలేకపోయింది. అదేంటో అడగొద్దు. నేనూ ఎవర్నీ అడగలేదు. నేను సాలీడు మీద ఆ ఇంటి ముందునించి వెళ్లినప్పుడల్లా కారు కిందనించి రెండు బూట్లు బయటికి కనిపించేవి. హారన్ కొట్టలేదు ఎప్పుడూ. మార్చిలో కారు నడిచింది. ఆయన ఊపిరితిత్తులు అక్కడే చెడ్డాయంటారు, ఆ తడి నేల మీద. అంటారు. బాగా పొగ తాగేవాడు కూడా.

తర్వాత ఒక్కసారే మాట్లాడాడు నాతో. సంతలో, ఇలాంటి మిరపకాయల బస్తా దగ్గరే. "ఏం దోంచో, బల్లలు పెడుతున్నావా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగా కనుక్కుందామనే అడిగాడు. "పెడుతున్నానన్నా" అన్నాను. "మంచిది" అని వెళ్లిపోయాడు. చాలాకాలం అనుకున్నాను, నా పేరు రాయకపోవడం ఆయన మంచితనమని. ఇప్పుడనిపిస్తుంది, కాదేమో. పేరు రాయాలంటే అవతల ఓ మనిషంటూ ఉండాలిగా. ఆయన కళ్లకి నేను ఆ గొలుసు లాంటివాణ్ణి, ఆ కొక్కెం లాంటివాణ్ణి. కొక్కెం మీద ఎవరైనా ఫిర్యాదు రాస్తారా?

పోయాడు ఆరేళ్లకి. నలభయ్యో రోజున శ్మశానంలో, సంప్రదాయం కదా, ఉడికించిన గోధుమల మీద పంచదార చల్లి పంచుతున్నారు. పంచేది ఎవరనుకున్నావ్? గెనోవేవానే. ఆయనకింకెవరున్నారు. కాగితం గ్లాసులో పోసి నా చేతికిచ్చి, అక్కడే నిలబడింది. "నువ్వు ఆయనతో పనిచేసినవాడివేగా?" అంది. "ఎన్నిసార్లు చెప్పాడో నాతో, బల్లలు పెట్టడం నేనే మరిచిపోయాను నర్సమ్మా, క్షమించండి అని. మందులిస్తున్నప్పుడు కూడా అదే మాట. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. కారు మీద నా గీతలకే సున్నా చుట్టిన మనిషి అది మరిచిపోతాడా? నువ్వు పక్కనే ఉన్నావుగా. నిజం చెప్పు నాయనా, ఆయనే మరిచిపోయాడా?" నోట్లో గోధుమలున్నాయి. తియ్యగా, చల్లగా. ఆవిడ వేళ్లు చూశాను, కాన్పులు చేసీ చేసీ గోళ్లు అరిగిపోయిన వేళ్లు. ఎవరూ లేరు చుట్టుపక్కల. బోంచెవ్ లేడు. ఉద్యోగం పోయేది లేదు, అప్పటికి అదీ మానేశాను. నన్నెవరూ ఏమీ చెయ్యలేరు.

ఏంటి? ఏం చెప్పానా?

ఆ మూలది తిప్పు నెవెనా, మాడిపోతోంది. చేత్తో కాదు, పటకారుతో. ఆఁ. ఏంటది, పెన్నా? ఎక్కడ పెట్టాలి, సాక్షి అని ఉన్నచోటా... లేదమ్మా, చూడు, చేతులన్నీ జిడ్డు. నీ కాగితం పాడైపోతుంది. రేపు చూద్దాంలే. ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకో.