సంతకం లైను

హలో… ఆ, నేనే. ఒటకార్‌ని.

…బ్లాంకా గారా? రడోవాన్ భార్య… ఆ, ఆ. మీరు చేయడం మంచిదైంది. ఆ మహానుభావుడికి ఓసారి ఫోనివ్వండి. పదకొండు వారాలుగా నా మెయిళ్ళకి ఉలుకూ పలుకూ లేదు—

…

…పోయాడా? ఎప్పుడు?

మార్చి మూడునా… నాకు తెలీదండీ. ఇద్దరం ఇదే బ్ర్నో ఊళ్ళో ఉంటాం. ఏడేళ్ళుగా మెయిళ్ళే తప్ప మనిషిని చూసింది లేదు.

…అవును, నిన్నటి మెయిల్ నేనే రాశాను. ‘చేతకాకపోతే తప్పుకో’ అని… మాతో పనిచేసేవాళ్ళందరూ చదివే మెయిలింగ్ లిస్టులోనే. …మీ అమ్మాయి చూసిందా? అయ్యో…

తీసేయలేనండీ. ఆ లిస్టులో పడ్డ మాట వేల కంప్యూటర్లకి వెళ్ళిపోతుంది. ఎవరి చేతిలోనూ ఉండదు. …తిట్టండి. పడతాను.

…ఏం పనంటే… ఫలానా పరికరం ఉందా అని కెర్నెల్‌ని, అంటే కంప్యూటర్‌ని లోపల నడిపించే ప్రోగ్రాంని అడుగుతాం. లేకపోతే లేదంటుంది. మళ్ళీ వెతికే శ్రమ లేకుండా ఆ ‘లేదు’ని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత పరికరం తగిలించినా లేదనే చెబుతుంది. చెప్పేముందు ఇంకోసారి చూసుకునేలా రడోవాన్ సరిచేశాడు. పన్నెండంటే పన్నెండే లైన్ల కోడ్. చాలా బాగా చేశాడు.

…నేనే ఆపాను. కింద సంతకం లైను లేదు. ‘ఈ రాత నాదే’ అని రాసినవాడే పెట్టాలి. ఇంకొకరు పెట్టకూడదు, మా దగ్గర అది కట్టుబాటు.

…లేదండీ, నా పేరుతో వేసుకోను. ఆ పని మాత్రం చేయను.

ఆయన కంప్యూటర్ మీ ముందే ఉందా? పంపని మెయిళ్ళలో చూడండి… ఉందా! కిందికి రండి. ఇంకా కిందికి… సంతకం పెట్టాడా? తేదీ ఎంత?

…ఫిబ్రవరి ఇరవయ్యారు. ఆసుపత్రిలో చేరే ముందు రోజు…

మరి ఎందుకు పంపలేదు? పైన తనకోసం ఏమన్నా రాసుకున్నాడా? …పర్లేదు, చదవండి.

…‘ఇంకోసారి పరీక్షించి పంపాలి. చిన్న తప్పున్నా ఒటకార్ అందరి ముందూ కడిగేస్తాడు’…

…

…ఉన్నానండీ. లైన్లోనే ఉన్నాను.

మీరే పంపండి బ్లాంకా గారూ. ఆయన చిరునామా నుంచే. పైన రాసుకున్నది కూడా ఉంచండి, చెరపొద్దు. నా గురించి రాసింది అందరూ చదవనీండి. దాని కిందే రాస్తాను, తప్పు నాదని. మీ అమ్మాయిని చూడమనండి.

…నొక్కారా?

…ఆ. వచ్చింది. పంపినవారు… రడోవాన్ అని ఉంది.

…తెరవలేకపోతున్నానండీ. ఒక్క నిమిషం… మీరు ఫోన్ పెట్టేయండి. నేను పెట్టలేను.