ఎషిమ్ గారి కుడిభుజం

"పత్రిక పెట్టిన రోజు ఎషిమ్ గారి దగ్గర ఏముందనుకున్నారు? ఒక తుప్పు పట్టిన అచ్చు యంత్రం, డబ్బాడు సిరా, నేనూ. అంతే!" అని జపార్ ముసలాయన ఖాళీ గిన్నె ముందుకు జరిపాడు.

టీకొట్టు బురుల్ అందులో సగానికి తక్కువే పోసింది. ఆ కిర్గిజ్ కొండల్లో సగం పోస్తే ఇంకా కూర్చోమని మర్యాద, నిండా పోస్తే ఇక లేవమని. జపార్ ఇంతవరకూ నిండు గిన్నె చూడలేదు.

"నువ్వేం చేసేవాడివి తాతా?" అని వ్యాను తోలే తాలాయ్ ఎగదోశాడు.

"ఏం చేశానా! గుర్రమ్మీద పత్రికలు కనుమ దాటించింది ఎవడ్రా మరి? జిల్లా అధికారికి ఒళ్ళు మండి మాకు కాగితం రాకుండా చేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొర్రెతోళ్ళ మీద అచ్చేశాం!"

"తోళ్ళ మీదే!" అని గొర్రెలకాపరి ఓసోర్ నోరు తెరిచాడు.

"అవీ అయిపోతే బతికున్న గొర్రెల మీదే వేశాం! మందని కొండెక్కిస్తే మీ నాన్నలాంటివాళ్ళు ఒక్కో గొర్రెనీ తిప్పి తిప్పి చదువుకునేవాళ్ళు. మొదటి పేజీ పొట్టేలు, ఆటల పేజీ మేకపిల్ల. ఓసారి సంపాదకీయాన్ని తోడేలు ఎత్తుకుపోయింది. తెల్లారేసరికి తెచ్చి గుమ్మంలో దించి, దండం పెట్టి పోయింది. నిజం తోడేలుకైనా అరగదు మరి!"

అందరూ పడీ పడీ నవ్వారు. జపార్‌కి ఊపొచ్చింది.

"ఇక పార్లమెంటుకి గెలిచాక మొదటి రోజు, 'మా లోయల్లో వంతెనలేవయ్యా?' అని ఆయన గద్దిస్తే మంత్రులు బల్లల కింద దూరారు. ఆ అదురుకి ఇక్కడ మా ఇంట్లో పాలు విరిగిపోయాయి! అప్పుడేమన్నాడో తెలుసా? 'జపార్ పక్కనుంటే ఈపాటికి కట్టించేవాళ్ళం' అని కళ్ళొత్తుకున్నాడు. నా భుజమ్మీద తలపెట్టి నిద్రపోయిన మనిషి! ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడతాడు."

"వంతెనంటే గుర్తొచ్చింది తాతా," అంది బురుల్. "వరదకి మనది కొట్టుకుపోయాక నా మనవరాలు గుర్రమెక్కి ఏరు దాటి బడికెళ్తోంది. నిన్న గుర్రం కాలు జారింది. పిల్ల నీళ్ళలో పడి ఎలాగో గట్టెక్కింది. ఎషిమ్ గారిని అడగాలంటే నువ్వే వెళ్ళాలి."

అంటూనే అతని గిన్నె అంచుదాకా నింపేసింది.

"ఇప్పుడా? నా నడుము..."

"వ్యాను వాకిట్లోనే ఉంది. దారిలో తినడానికి బూర్సోకులు వేయించి మూటగట్టాను."

ఓసోర్ టోపీ తెచ్చి జపార్ నెత్తిన పెట్టాడు. అందరూ చేతులు చాచి దీవించి, దీవెన చివర అనే 'ఓమిన్' అంటూ అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. దీవెన పడ్డాక వెనక్కి తగ్గితే ఇంకేమన్నా ఉందా! జపార్ నెత్తిమీది టోపీ సర్దుకుని వ్యానెక్కాడు. ఎషిమ్ గారి పత్రిక ఒక్క ముక్క వదలకుండా చదివాడన్నది నిజం. ఆయనంటే ప్రాణమన్నదీ నిజం. మిగతాదంతా ఆ దేవుడికే ఎరుక.

వ్యాను మలుపు తిరిగాక, తాలాయ్ వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఆయన్ని పోల్చుకోవడం ఎలాగ్రా? గడ్డం ఉంటుందా, ఉండదా?"

తాలాయ్ నవ్వలేదు.

"నువ్వాయన్ని చూడలేదని ఊరందరికీ తెలుసు తాతా. అయినా నిన్నే పంపాలన్నారు. బతికున్న గొర్రెల మీద పత్రిక అచ్చేసిన నోరు, ఒక్క వంతెన అడగలేకపోతుందా?"