నాగర్‌కర్నూల్‌లో మనస్తత్వశాస్త్రం బోధించిన ప్రేమలత గారు

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఆగస్టు పదకొండవ తేదీన గద్వాలలోని జూనియర్ కళాశాలలో తర్కశాస్త్ర అధ్యాపకురాలిగా ఉద్యోగంలో చేరిన శ్రీమతి ప్రేమలత గారు, ముప్పై సంవత్సరాల బోధనా జీవితం అనంతరం ఈ జూన్ నెలాఖరున మా కళాశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు. ఉప్పునుంతల ప్రాంతంలో కాలువ పనులకూ కట్టడం పనులకూ వలస వెళ్లే కుటుంబంలో జన్మించి, అమ్మమ్మ సంరక్షణలో చదువుకొని, ఆ ఇంటి నుండి పట్టభద్రురాలైన తొలి వ్యక్తి వారు. గద్వాల నుండి పదోన్నతిపై వనపర్తికి వచ్చి డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధించారు. రెండువేల సంవత్సరంలో నాగర్‌కర్నూల్‌లోని మా కళాశాలలో బి.ఏ.లో ఆ పాఠ్యాంశాన్ని కొత్తగా ప్రవేశపెట్టినప్పుడు, శాఖకు ఏకైక అధ్యాపకురాలిగా ఇక్కడికి బదిలీ అయ్యారు.

శాఖ అంటే ఒక గది, రెండు బల్లలు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగానికి కావలసిన పరికరాన్ని వారే వనపర్తి వడ్రంగి చేత చేయించి తెచ్చారు. తొలి సంవత్సరం సామాన్య మనస్తత్వశాస్త్రం, రెండవ సంవత్సరం సాంఘిక మనస్తత్వశాస్త్రం, మూడవ సంవత్సరం మానసిక రుగ్మతల అధ్యయనం. ఈ మూడింటినీ, చెమట కారే రేకుల గదిలో, తెలుగు మాధ్యమంలో, ఒంటిచేత్తో బోధించారు. ఇతర సబ్జెక్టులలో సీటు దొరకని వారే తమ తరగతికి వస్తున్నారని వారికి తెలుసు. అందుకు ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

వారి ఉద్యోగ జీవితాన్ని రెండుగా విడదీసిన సంఘటన రెండువేల రెండు వానాకాలంలో జరిగింది. వానాకాలమని పేరే గాని ఆ ఏడు వాన లేదు. మూడవ సంవత్సరం తరగతిలో స్కిజోఫ్రీనియా పాఠం జరుగుతోంది. ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, తినే తిండిలో విషం కలిపారని అనుమానించడం వంటి లక్షణాలను ప్రేమలత గారు వివరించారు. తరగతి ముగిశాక లింగాల మండలం నుండి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న జయశ్రీ అనే విద్యార్థిని శాఖ గది గుమ్మంలో నిలబడింది.

"మేడం, మా అమ్మ అచ్చం గిట్లనే చేస్తది. మా అమ్మ సంగతి పుస్తకం రాసినోళ్లకు ఎట్ల తెల్సింది?"

తల్లి బొంబాయికి పనికి పోయిందని హాస్టల్‌లో అందరికీ చెప్పిన ఆ అమ్మాయి, తల్లి నిజానికి ఎక్కడున్నదో ఆనాడు మొదటిసారి నోరు విప్పి చెప్పింది.

మరుసటి ఆదివారం ప్రేమలత గారు జయశ్రీ వెంట ఆ ఊరు వెళ్లారు. ఇంటి వెనుక గడ్డి వేసుకునే కొట్టంలో, చీలమండకు కట్టిన తాడుతో, జయశ్రీ తల్లి సాయమ్మ గారు గోడవైపు తిరిగి కూర్చొని ఉన్నారు. పొద్దున పెట్టిన జొన్నరొట్టె ముట్టుకోలేదు. మెట్ట చేను నమ్ముకుని బతికే భర్త కురుమూర్తి గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"మీరు డాక్టరమ్మనా?"

"కాదన్నా. కాలేజీల పాఠం చెప్త. రోగం పేరు చెప్పేటంత దాన్ని కాను. డాక్టర్ దగ్గరికి మీ వెంట వస్త, గంతే."

"గాలి సోకిందన్నరు. తిప్పని జాగ లేదు, కట్టని తాయెత్తు లేదు. జర ఏమరపాటుగుంటే బాయి దిక్కు ఉరుకుతది. కట్టెయ్యకపోతే ఎప్పుడో సచ్చిపోతుండె. ప్రేమ లేక కట్టేసిన్ననుకుంటున్రా?"

ప్రేమలత గారు లోపలికి వెళ్లి, సాయమ్మ గారికి కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నారు.

"నువ్వెవ్వలు? నన్ను కొనుక్కపోను వచ్చినవా?" అని సాయమ్మ గారు గోడ మీది నుండి చూపు మరల్చకుండానే అడిగారు. "వీళ్లు నా బేరం చేస్తుండ్రు. వినవస్తలేదా?"

"నాకైతే వినవస్తలేదక్కా. నీకు వినవస్తుంటే మస్తు భయమైతుండొచ్చు."

సాయమ్మ గారు అప్పుడు ఇటు తిరిగారు. ప్రేమలత గారు రొట్టెను తుంచి ఒక ముక్క తాము తిని, మిగిలినది పళ్లెంలో ఉంచారు. చాలాసేపటికి సాయమ్మ గారు దానిని చేతిలోకి తీసుకున్నారు. గుమ్మంలో కురుమూర్తి గారు తలపాగా అంచుతో ముఖం తుడుచుకున్నారు.

హైదరాబాదులోని ప్రభుత్వ దవాఖానకు బస్సులో తీసుకువెళ్లేటప్పుడు చేతులు కట్టవలసిందేనని కురుమూర్తి గారు పట్టుబట్టగా, దారి పొడుగునా ఆమె చేతిని తామే పట్టుకుంటామని ప్రేమలత గారు ఒప్పించారు. వైద్యులు అక్కడే ఉంచుకొని మందులు మొదలుపెట్టారు. దసరా దాటాక ఇల్లు చేరిన సాయమ్మ గారు, చలికాలానికల్లా పొయ్యి దగ్గర కూర్చొని రొట్టెలు చేశారు. కూతురు తలకు నూనె రాశారు. జయశ్రీ ఆ వేసవిలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలయింది.

ఇక్కడితో ఆగగలిగితే ఈ వ్యాసం రాయడం సులువయ్యేది.

మరుసటి ఏడు కూడా చేను ఎండింది. కురుమూర్తి గారు భార్యను వెంటబెట్టుకొని పుణె వైపు కట్టడం పనికి వెళ్లారు. మనిషి బాగైంది గదా, ఇంకెందుకు మందులని తోటివారు అన్నారు. తెచ్చుకున్న గోలీలు అయిపోయాక మళ్లీ తెచ్చే దారి కూడా ఆ పరాయి ఊరిలో ఆయనకు తెలియలేదు. ఒకనాటి మధ్యాహ్నం, అందరూ కూలి పనిలో ఉండగా, సాయమ్మ గారు గుడిసె నుండి బయటికి నడిచారు. మళ్లీ రాలేదు.

ఆ వేసవి సెలవులలో ప్రేమలత గారు జయశ్రీతో కలిసి పుణె వెళ్లారు. రైల్వే స్టేషన్లు, అనాథ స్త్రీల ఆశ్రమాలు, దవాఖానలు తిరిగారు. ఆనవాలు దొరకలేదు. తిరుగు ప్రయాణంలో జయశ్రీ కిటికీ వైపు చూస్తూ అంది: "కట్టేసి ఉంటే, మేడం, ఇంట్లనన్న ఉంటుండె."

ప్రేమలత గారు ఆ అమ్మాయిని ఓదార్చలేదు. ఓదార్పు అబద్ధమవుతుందని వారికి అనిపించింది. ఆ చేతిని పట్టుకొని కూర్చున్నారు. బస్సులో పట్టుకున్న సాయమ్మ గారి చెయ్యి కూడా ఇంతే గరుకుగా ఉండేదన్న తలంపు వారిని ఊరు చేరేదాకా వదలలేదు.

ఆ తరువాత వారి బోధన మారింది. రుగ్మత నిర్వచనం కంటే ముందు, నయమైనట్లు కనిపించినా వైద్యులు చెప్పకుండా మందులు ఆపరాదన్న మాటతో పాఠం మొదలయ్యేది. వలస వెళ్లే కుటుంబాలకు వెళ్లే ఊరిలో దవాఖాన ఎక్కడున్నదో ముందే వాకబు చేసి చెప్పడం మూడవ సంవత్సరం విద్యార్థులకు పనిగా అప్పగించారు. ఈ శ్రమ వల్ల కొందరు రోగులు నిలదొక్కుకున్నారు. అందరూ కాదు.

రెండువేల ఆరులో, చేరేవారు తక్కువైనారన్న కారణంతో మనస్తత్వశాస్త్రంలో కొత్త ప్రవేశాలు నిలిపివేశారు. పరిశీలనకు వచ్చిన అధికారి "ఇది చదివి ఈ పల్లెటూరి పిల్లలు ఏం చేస్తరు మేడం?" అని అడిగారు.

"ఇంట్లోళ్లను గుర్తువడ్తరు సార్," అన్నారు ప్రేమలత గారు.

అధికారి మర్యాదగా తల ఊపి వెళ్లిపోయారు. నిర్ణయం మారలేదు. ఈ మార్చిలో చివరి విద్యార్థులు చివరి పరీక్ష రాశారు. ప్రేమలత గారి విరమణతో ఆ పదవి కూడా రద్దవుతున్నది. వారు ఖాళీ చేసిన గదిలో కంప్యూటర్లు పెట్టనున్నారు.

ఈ సంచికకు నాలుగు మాటలు రాయమని, ప్రస్తుతం హైదరాబాదులో మనస్తత్వశాస్త్రంలోనే ఎం.ఏ. పూర్తిచేసి ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్న జయశ్రీని ఫోనులో కోరగా, "నాతోని కాదు సార్. నేను ఎతుకుడు బంద్ చేసిన. మేడం ఇంక బంద్ చెయ్యలే," అని మాత్రం చెప్పింది.

అది నిజం. పేరు చెప్పని, తెలుగు మాట్లాడే ఆడమనిషి ఎవరైనా ఫలానా ఆశ్రమంలో ఉన్నదని కబురు వస్తే ప్రేమలత గారు సెలవు పెట్టి బయలుదేరేవారు. భర్త శ్రీ నరేందర్ గారు ఏమీ అడగకుండా టికెట్లు తెచ్చేవారు. ప్రతిసారీ ఆ మనిషి సాయమ్మ గారు కాదు. అయినా ప్రతిసారీ ఆమె ఊరేదో, మనుషులెవరో రాబట్టి, వీలైతే ఇంటికి చేర్చే వచ్చారు. షోలాపూర్ నుండి మొన్ననే మరొక కబురు వచ్చింది. విరమణ సభ ముగిసిన మర్నాడే వెళ్తారట.

సుదీర్ఘ సేవ అనంతరం విశ్రాంతి లభించాలని కోరడం ఇటువంటి సందర్భంలో ఆనవాయితీ. ప్రేమలత గారికి విశ్రాంతి అక్కరలేదని మాకు తెలుసు. నడవగలిగే కాళ్లను, తెలియని ముఖంలోకి ఓపికగా చూడగలిగే కళ్లను, ఆ ప్రయాణాలన్నింటికీ సరిపోయే ఆరోగ్యాన్ని, ఇంకా ఎంతో మిగిలి ఉండే ఆయుష్షును భగవంతుడు వారికి ప్రసాదించాలని సహోద్యోగులందరి పక్షాన ప్రార్థిస్తున్నాము.